గీత పక్కన పసుపు కోటు

దిమ్మ అన్నది అక్క పెట్టిన పేరు. పుట్టినప్పుడే నాలుగున్నర కిలోలట. పోతపని చేసే తండ్రి బిడ్డను చేతుల్లోకి తీసుకుని, "ఇదేంటే, అచ్చం మూసలోంచి తీసినట్టుంది!" అన్నాడట. అప్పటికి ఆరేళ్ల అక్క ఆ మాట పట్టుకుని చెల్లెల్ని ఇనుపదిమ్మ అని పిలవడం మొదలెట్టింది. కొన్నాళ్లకి ఇనుము ఊడిపోయి దిమ్మ మిగిలింది. ముప్పై ఒక్కేళ్లు వచ్చినా ఇంట్లోనూ మైదానంలోనూ ఆమె దిమ్మే.

ఆ ఇంట్లో ఇనుప గుండు పట్టిన మొదటి ఆడపిల్ల మాత్రం అక్క. పోతశాల వెనక ఖాళీ స్థలంలో, పగుళ్లొచ్చి పారేసిన తూనికరాళ్లు ఎంత దూరం పడతాయో చూద్దామని మొదలైన ఆట చివరికి బతుకైపోయింది. పన్నెండేళ్ల క్రితం గుండు విసిరే ప్రపంచ పోటీల్లో అక్క నాలుగో స్థానంలో ఆగిపోయింది. మూడో ఆమెకీ తనకీ తేడా రెండు సెంటీమీటర్లు. ఆ మరుసటి ఏడాది మోకాలు దెబ్బతింది. అప్పట్నుంచీ చెల్లెలికి అక్కే కోచ్, అక్కే వంటమనిషి, అక్కే కాపలా. పెళ్లి చూపులకి ఎవరైనా వస్తామంటే, "దాని భుజం ఖాళీగా లేదండీ, తర్వాత రండి" అని గుమ్మంలోంచే పంపేసేది.

గత ఏడాది దాకా దిమ్మ వీపు తిప్పి నిలబడి, వలయంలో ఒక్క జారు జారి, ముందుకొచ్చి విసిరేది. అలా విసిరితే పద్దెనిమిదిన్నర మీటర్లు దాటడం లేదు. "గిరగిరా తిరిగి విసరాలే, ఇప్పుడందరూ అదే పద్ధతి" అని అక్క పట్టుబట్టింది. ముప్పై ఏళ్ల వయసులో నడక మళ్లీ నేర్చుకున్నట్టయింది. తిరుగుతూ తిరుగుతూ పట్టుతప్పి పడిపోతుంటే తోటివాళ్లు, "దిమ్మ తిరుగుతోందర్రా" అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు గానీ, ఎనిమిది నెలలు తిరిగేసరికి దిమ్మ పందొమ్మిది మీటర్లు దాటింది. తిరిగి విసిరే పద్ధతిలో దూరం ఎక్కువొస్తుంది, నిజమే. చెయ్యి వదలాల్సిన క్షణం కనురెప్పపాటు అటూ ఇటూ అయితే గుండు ఎటు పోతుందో మాత్రం విసిరినవాళ్లకే తెలీదు. అందుకే ఆ పద్ధతిలో విసిరేటప్పుడు మైదానంలో ఎవరూ ఉండకూడదు.

ఈసారి ప్రపంచ పోటీలు సొంత దేశంలోనే. పొద్దున అర్హత పోటీలో దిమ్మ మూడో విసురుతో గట్టెక్కింది. ఫైనల్‌కి పన్నెండు మంది మిగిలారు. మధ్యాహ్నం మూడింటికి పోటీ అనగా రెండింటి నుంచి వాన పట్టుకుంది. కుండపోతేం కాదు, విడవని ముసురు.

గ్యాలరీల కింద ఉన్న గదిలో పన్నెండు మందినీ బెంచీల మీద కూర్చోబెట్టి బ్యాగులు విప్పించారు. ఫోన్లు తీసేసుకున్నారు. బూట్ల అడుగులు తిప్పి చూశారు. దిమ్మ దగ్గరికి వచ్చినావిడ పొట్టిగా, గుండ్రంగా, యాభై అయిదేళ్ల మనిషి. పసుపురంగు వానకోటు అప్పుడే తొడుక్కుంది. అది మోకాళ్లు దాటి పాదాల దాకా వేలాడుతోంది.

"నవ్వకమ్మా, నా కొలతకి దొరకలేదు. ఉన్నదే ఇచ్చారు" అంటూ దిమ్మ మణికట్టు పట్టీ నొక్కి చూసింది. "రెండు చుట్లేనా? బిగువుగా ఉందే. వేళ్లు తిమ్మిరెక్కట్లేదూ?"

"అలవాటేనండీ."

"నాకూ అలవాటే." ఆవిడ తన కుడిచేతి చూపుడువేలు చూపించింది. పైకణుపు పక్కకి వంగిపోయి ఉంది. "స్కూల్లో డ్రిల్లు టీచర్ని. నా కాలంలో పదమూడు మీటర్లు వేస్తే ఊరేగించేవాళ్లు. ఇప్పుడు మీరు పందొమ్మిది వేస్తే, నేను వెళ్లి ఎక్కడ పడిందో మేకు గుచ్చి వస్తాను. ఇరవై రెండేళ్లుగా సెలవు పెట్టుకుని మరీ ఇదే పని. మా అమ్మాయి ఒకటే తిట్టు, పిచ్చి పట్టిందే నీకు అని."

దిమ్మ నవ్వింది. పొద్దుట్నుంచీ అదే మొదటి నవ్వు.

"పొద్దున మూడోది చూశానమ్మా" అంది టీచరు, బ్యాగు జిప్పు తనే లాగుతూ. "నేను నిలబడ్డ చోటికి గాలి తగిలింది. భుజం బాగుంది నీకు. జాగ్రత్తగా చూసుకో."

బయటికి వచ్చేసరికి గ్యాలరీల్లో రంగురంగుల గొడుగులు. దిమ్మ కనబడగానే జనం అరుపు మైదానం అంతా దొర్లింది. వలయానికి దగ్గరగా, కోచ్‌లకి కేటాయించిన మొదటి వరసలో అక్క నిలబడి ఉంది. గొడుగు లేదు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

అసలు పోటీకి ముందు ఒక్కొక్కరికీ రెండేసి ప్రాక్టీసు విసుర్లు. పద్ధతి ఏమిటంటే, వలయం మధ్యలో ఒక ఎర్ర కోను పెట్టి ఉంటుంది. మైదానంలో మనుషులంతా గుండు పడే మేర హద్దు గీతలు దాటి దూరంగా వెళ్లారని చూసుకున్నాక, దాని బాధ్యత ఉన్న అధికారి కోను తీసి ఈల వేస్తాడు. ఈల పడ్డాకే విసరాలి. మొదటి చుట్టు అలాగే నడిచింది. దిమ్మ మొదటి ప్రాక్టీసు విసురు జారుడు పద్ధతిలోనే, ఒళ్లు వేడెక్కడానికన్నట్టు వేసింది. రెండో చుట్టు మొదలవుతూనే వాన పెరిగింది. వలయం మీద నీళ్లు నిలుస్తుంటే ఇద్దరు కుర్ర వాలంటీర్లు గుడ్డలతో తుడిచి వెళుతున్నారు. ఈల ఉన్న అధికారి కాగితాలు తడుస్తున్నాయని కొలతలవాళ్ల షామియానా కిందికి వెళ్లి నిలబడ్డాడు. కోను తీసి పక్కన పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. అమ్మాయిలు ఎవరికి వారే చూసుకుని విసరసాగారు.

దిమ్మ వంతు వచ్చేసరికి బోర్డు మీద గడియారం ప్రాక్టీసుకి ఇంకా నలభై సెకన్లే చూపిస్తోంది. పన్నెండు మందిలో ఆఖరు వంతు తనదే. గుండు తువ్వాలుతో తుడిచి, మెడకి సుద్ద పూసుకుని వలయంలో అడుగుపెట్టింది. తలెత్తి మైదానం చూసింది.

కుడివైపు హద్దు గీత చివర, పద్దెనిమిది మీటర్ల దగ్గర పసుపురంగు కోటు. గీత కోసం పరిచిన తెల్లటి పట్టీ వానకి ఊడి లేచినట్టుంది. టీచరు ఇటు వీపు పెట్టి, వంగి, మేకుని కాలితో తొక్కి దిగ్గొడుతోంది.

దిమ్మ ఆగింది. షామియానా వైపు చూసింది. ఈల మనిషి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గడియారం ఇరవై రెండు, ఇరవై ఒకటి.

"కానీయవే! టైమైపోతోంది! తిరుగు!" వెనక నుంచి అక్క గొంతు.

లేచి తప్పుకుంటుందిలే అనుకుంది దిమ్మ. ఆ మాట తన మనసులో పలికినట్టే పలికింది, స్పష్టంగా. గుండు మెడకి ఆనించి, వీపు తిప్పి, తిరిగింది.

రెండో అడుగులో ఎడమ పాదం నీళ్ల మీద వేలెడంత జారింది. చెయ్యి వదలాల్సిన దానికన్నా ముందే వదిలేసింది. గుండు వేళ్ల చివర్లు దాటుతున్నప్పుడే అది కుడివైపు పోతోందని తెలిసిపోయింది. "తప్పుకోండి!" అని అరిచింది. అరుపు గ్యాలరీ హోరులో కలిసిపోయింది.

చప్పుడు పెద్దగా రాలేదు. పసుపు కోటు ముందుకి ఒరిగి, గడ్డి మీద బోర్లా పడింది. కోటు టోపీ తల మీదే ఉంది. గుండు ఆవిడ పక్కనే రెండుసార్లు దొర్లి ఆగింది.

ముందు పరిగెత్తింది దిమ్మే. మోకాళ్ల మీద కూలబడి టోపీ పక్కకి తీయబోతే ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు. "ముట్టుకోవద్దు, మెడ కదపకూడదు!" చెవి వెనక నుంచి రక్తం వానలో పల్చబడి గడ్డిలోకి పోతోంది. టీచరు వేళ్లు మాత్రం కదిలాయి, మేకు కోసం వెతుకుతున్నట్టు. స్ట్రెచర్ వచ్చింది. నలుగురు చుట్టూ దుప్పట్లు అడ్డం పట్టారు. అంబులెన్సు పరుగు బాట మీదుగా వెళ్లిపోయింది. గ్యాలరీలో ఎవరూ అరవడం లేదు.

నలభై నిమిషాలు అందర్నీ మళ్లీ ఆ గదిలోనే కూర్చోబెట్టారు. దిమ్మ గోడకి చేరబడి తన కుడిచేతిని చూసుకుంటూ ఉండిపోయింది. సుద్ద తడిసి పిండిలా వేళ్లకి అంటుకుంది. వేరే దేశపు అమ్మాయి ఒకామె, వయసులో అందరికన్నా పెద్దది, ఇది మూడో ఫైనలో నాలుగోదో, మాట్లాడకుండా వంగి బూట్ల తాళ్లు విప్పుకుంది. బూట్లు బ్యాగులో పెట్టుకుంది. వాళ్ల కోచ్ ఏదో బతిమాలుతున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, దిమ్మ ముందు నుంచి వెళుతూ ఒక్క క్షణం భుజం మీద చెయ్యి వేసి, బయటికి వెళ్లిపోయింది.

పెద్ద అధికారి వచ్చి చెప్పాడు. గాయపడ్డ మనిషి ఆసుపత్రికి చేరింది, వైద్యం అందుతోంది, అది అనుకోని ప్రమాదం, పోటీ కొనసాగుతుంది. పాల్గొనడం, పాల్గొనకపోవడం ఎవరి ఇష్టం వాళ్లది.

కోచ్‌లని ఐదు నిమిషాలు లోపలికి వదిలారు. అక్క వచ్చి చెల్లెలి ముందు గొంతుక్కూర్చుంది. పాడైన మోకాలు అలా వంచితే ఆమెకి ప్రాణం పోయినంత పనవుతుందని దిమ్మకి తెలుసు.

"నా వల్ల కాదక్కా."

"అవుతుంది. నా వైపు చూడు."

"ఆవిడ వేళ్లు కదిలాయే. నేను చూశాను."

"కదిలితే మంచిదేగా! బతికే ఉంది. డాక్టర్లున్నారు, వాళ్ల పని వాళ్లు చేస్తారు. నువ్విక్కడ కూర్చుని ఏడిస్తే ఆవిడ లేచి కూర్చుంటుందా?" అక్క గొంతు తగ్గించింది. "పదిహేడేళ్లు. పదిహేడేళ్ల నుంచీ నీ ఒళ్లూ నా ఒళ్లూ అరగదీసుకున్నది ఈ ఒక్క మధ్యాహ్నం కోసం. మళ్లీ మన గడ్డ మీద జరగవు. మళ్లీసారికి నీకు ముప్పై అయిదు. నాకు రెండు సెంటీమీటర్లు తక్కువైంది దిమ్మా. అది గొంతులో పడ్డ ముల్లు. ఇప్పటికీ మింగుడు పడదు, బయటికీ రాదు. నీకూ అదే కావాలా?"

అక్క తన చీరచెంగుతో చెల్లెలి వేళ్లకున్న సుద్దని ఒక్కొక్కటే తుడిచింది, చిన్నప్పుడు అన్నం తిన్నాక తుడిచినట్టు. తుడిచాక ఆ చేతిని గట్టిగా నొక్కి లేచింది.

దిమ్మ వెళ్లింది.

మొదటిది ఎర్ర జెండా. కాలు వలయం ముందున్న గట్టు దాటింది, విసురు చెల్లలేదు. రెండోది పద్దెనిమిది మీటర్ల ఇరవై. మూడోసారి వలయంలోకి వెళ్లినప్పుడు మైదానం చివర కొత్త మనిషి నిలబడి ఉన్నాడు, అదే రంగు కోటులో. ఈల మోగింది. ఇప్పుడు ప్రతిసారీ మోగుతోంది, రెండేసిసార్లు. మూడోది పద్దెనిమిది మీటర్ల డెబ్బై. చివరి ఎనిమిది మందిలో నిలిచింది. నాలుగోది మళ్లీ ఎర్ర జెండా. అయిదోసారికి లోపల ఏమీ మిగల్లేదు, భయం గానీ ఆశ గానీ. ఒళ్లు తనంతట తనే తిరిగింది. చెయ్యి వదిలాక తెలిసింది అది దూరం పోతుందని. బోర్డు మీద పందొమ్మిది మీటర్ల ముప్పై ఆరు వెలిగింది. జన్మలో అంత దూరం వేయలేదు. గ్యాలరీ లేచి నిలబడింది. ఆరోది విసిరినా విసరకపోయినా ఒకటే. అయినా విసిరింది.

మూడో స్థానం. మర్నాడు పేపర్లలో వచ్చిన ఫొటోలో దిమ్మ నవ్వుతోంది, పళ్లన్నీ కనబడేలా. ఎప్పుడు నవ్విందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పోటీ ముగిసిన సాయంత్రం బసలో ఫోను మోగుతూనే ఉంది. తండ్రి మాట్లాడాడు, పోతశాలలో అందరూ టీవీ ముందే కూర్చున్నారన్నాడు, ఏడ్చాడు. ఫోను అమ్మ తీసుకుంది. అమ్మ పతకం మాటే ఎత్తలేదు.

"ఆ పసుపు కోటావిడకి ఎలా ఉందే?"

"తెలీదమ్మా."

"తెలీకపోవడమేంటి? కనుక్కోలేదూ?"

"కనుక్కుంటాను."

"రేపు పొద్దున్నే వెళ్లు. అక్క వద్దంటుంది. దాని మాట వినకు."

అక్క వద్దనే అంది. "ఇప్పుడెళ్తే తప్పంతా నీదేనని నువ్వే ఒప్పుకున్నట్టు. విచారణ ఉంది, అది అయ్యాక వెళ్దాం. అడిగితే, గుండు వదిలేదాకా ఎవర్నీ చూళ్లేదని చెప్పు. వాన కదా, కనబడలేదు. నేనూ అదే చెప్తాను."

"నువ్వు చూళ్లేదా?"

అక్క కిటికీ వైపు తిరిగి తడిసిన జోళ్లు ఆరబెట్టింది. "నా కళ్లు నీ కాళ్ల మీదున్నాయి" అంది.

మర్నాడు పొద్దున ఆసుపత్రి మూడో అంతస్తులో, మందుల వాసనా ఫినాయిలు వాసనా కలిసిన వరండాలో, వరసగా బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో ఖాకీ చొక్కా వేసుకున్న అమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయి. ఒళ్లో బస్సు కండక్టర్ల తోలు సంచి. డ్యూటీలోంచి తిన్నగా వచ్చి ఇంకా ఇంటికి వెళ్లలేదని చూడగానే తెలుస్తోంది. దవడలు అచ్చం ఆ టీచరువే.

దిమ్మని ఆమె వెంటనే గుర్తుపట్టింది. పట్టకేం, గోడకున్న టీవీలో పొద్దుట్నుంచీ అదే చూపిస్తున్నారు. లేవలేదు. పక్క కుర్చీ మీదున్న ఫ్లాస్కు తీసి కింద పెట్టింది. దిమ్మ కూర్చుంది. కుర్చీ కిర్రుమంది.

"తల లోపల రక్తం గడ్డకట్టిందట" అంది కండక్టరమ్మాయి. "రాత్రి ఆపరేషను చేశారు. కళ్లు తెరవలేదు. తెరుస్తుందో లేదో చెప్పలేమన్నారు."

"క్షమించమని అడిగే ముఖం లేదమ్మా నాకు."

"అడగొద్దు." ఒళ్లో సంచి సర్దుకుని అంది, "ఒకటి చెప్పండి. మా అమ్మ పడిపోయాక మీరింకా ఎన్ని విసిరారు?"

"ఆరు."

"ఆరు" అంది ఆ అమ్మాయి, టిక్కెట్లు లెక్కపెట్టుకున్నట్టు. కోపం కూడా లేదు ఆ గొంతులో.

దిమ్మ చేతులు తన మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. చెప్పకుండా లేచి వెళ్లిపోవచ్చు. వానలో కనబడలేదంటే ఈ లోకంలో కాదనేవాళ్లు లేరు. "ఇంకోటి కూడా ఉందమ్మా. నేను మీ అమ్మగార్ని చూశాను. విసరక ముందే. అటు తిరిగి వంగి ఉన్నారు. లేచి తప్పుకుంటారులే అనుకుని విసిరాను. ఈల కూడా పడలేదు."

వరండా చివర ఎవరో చక్రాల మంచం తోసుకెళుతున్నారు. కండక్టరమ్మాయి అటు ఒకసారి చూసి, దిమ్మ వైపు తిరిగింది.

"ఇది నాకెందుకు చెప్తున్నారు? గుండెల మీద బరువు దించుకుందామనా?" మొహం ఎర్రబడింది. "దించుకోనివ్వను. నాకు చెప్తే ఏమొస్తుంది, నేనేమన్నా జడ్జినా? అడిగేవాళ్లు ఎవరో ఉంటారుగా, వాళ్లకి చెప్పండి. పేపరు మీద రాసి సంతకం పెట్టండి. అంతదాకా ఇక్కడికి రావద్దు."

టీచరు తొమ్మిదో రోజు పొద్దున్నే పోయింది. కళ్లు తెరవలేదు. దిమ్మ అంత్యక్రియలకి వెళ్లి దూరంగా, రోడ్డుకి అవతల నిలబడింది. ఇన్నేళ్లలో ఆవిడ దగ్గర డ్రిల్లు నేర్చుకున్న పిల్లలు వరసగా నడిచారు. కొందరు తండ్రులూ తల్లులూ అయిపోయారు. ఎవరో దిమ్మని గుర్తుపట్టి పక్కవాళ్లకి చూపించారు. ఆమె తల దించుకోలేదు, దించుకోకూడదనుకుంది. అరగంటసేపు వాళ్ల చూపులన్నీ పడనిచ్చింది.

పోటీలు నిర్వహించినవాళ్ల విచారణ ఆ మర్నాడు. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దమనిషి మంచినీళ్ల గ్లాసు దిమ్మ ముందుకు జరిపాడు. అక్క బయట వరండాలో ఉంది. తన వంతు పొద్దున్నే అయిపోయింది.

"వాన వల్ల స్పష్టంగా కనబడలేదు. అంతేగా?" అన్నాడు పెద్దమనిషి, సగం రాసేస్తూ.

"కనబడిందండీ."

పెన్ను ఆగింది.

"గీత బయట ఉన్నారనుకున్నారు, ప్రమాదం లేదనుకున్నారు."

"అలా అనుకోలేదండీ. గీత మీదే ఉన్నారు. టైము అయిపోతోందని విసిరాను. ఈల వేయాల్సినాయన షామియానా కింద ఉన్నాడు. రెండో చుట్టు మొత్తం ఒక్క ఈలా పడలేదు. మేం పన్నెండు మందిమీ ఈల లేకుండానే విసిరాం."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎడమవైపాయన దగ్గాడు. పెద్దమనిషి గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఈ వయసులో ఇంత నిజాయితీ అరుదమ్మా" అన్నాడు. గుమాస్తా రాసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. దిమ్మ చదివింది. తను చూసినట్టుంది, విసిరినట్టుంది. ఈల మాట, షామియానా మాట ఎక్కడా లేవు.

"ఇందులో సగమే ఉందండీ."

"అది వేరే విషయం. వేరేగా చూస్తాం."

"చూసేదేదో ఇందులోనే రాయండి."

"అమ్మా, మీ గురించి అడిగినదానికి..."

దిమ్మ కాగితం తిప్పి, వెనకవైపు ఖాళీలో తన చేత్తోనే రాసింది. గుండు పట్టిన వేళ్లకి పెన్ను ఎప్పుడూ సరిగా లొంగదు. అక్షరాలు బండబండగా పడ్డాయి. రెండు వైపులా సంతకం పెట్టింది. బల్ల మీద ఉంచే, ఎవరూ కాదనే లోపల, ఫోనుతో రెండు వైపులా ఫొటో తీసుకుంది. మధ్యలో కూర్చున్నాయన మొహంలో మెత్తదనం ఎటు పోయిందో పోయింది.

బయట అక్క లేచి నిలబడింది. చెల్లెలి మొహం చూడగానే అర్థమైపోయింది.

"చెప్పేశావా?"

"చెప్పాను."

"నేను కనబడలేదని చెప్పానే! నన్ను అబద్ధాలకోరుని చేశావు."

"నీ కళ్లు నా కాళ్ల మీదున్నాయన్నావుగా. నీ మాట నీది."

అక్క అక్కడే బెంచీ మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకుంది దిమ్మ. ఏడవలేదు. "నిన్ను తిరగమని అరిచింది నేను" అంది, మోకాలు నొక్కుకుంటూ. "అది కూడా రాశావా?"

"రాయలేదు."

"ఎందుకు?"

"తిరిగింది నేను."

నెలకి నివేదిక వచ్చింది. పేపర్లు "తప్పు నాదే: ఒప్పుకున్న పతక విజేత" అని పెద్దక్షరాల్లో వేశాయి. క్రీడాకారిణి స్వయంగా అంగీకరించినందున నిర్వాహకుల వైపు లోపమేమీ లేదని తేలింది. మూడేళ్లు నిషేధం. పతకం ఉంచుకోవచ్చు, ఫైనల్ విసుర్లలో తప్పేమీ లేదు కనక. ఈల మనిషి పేరు ఆ నివేదికలో ఒక్కచోట కూడా లేదు.

దిమ్మ బస్సు డిపో చిరునామా కనుక్కుని వెళ్లింది. మధ్యాహ్నం ఎండ. డీజిలు వాసన. కండక్టరమ్మాయి ఇంజను వేడికి దూరంగా, బస్సు వెనక మెట్టు మీద కూర్చుని డబ్బాలోంచి అన్నం తింటోంది. దిమ్మని చూసి నమలడం ఆపింది.

"పేపర్లో చూశాను" అంది. "మా అమ్మ చావుని మొత్తం మీరే మోసుకెళ్లిపోయారు. వాళ్లకి హాయిగా ఉంది."

"వాళ్లు సగమే వేశారు." దిమ్మ ఫొటోలు పెద్దవిగా అచ్చు తీయించిన కాగితాలు ఇచ్చింది.

ఆ అమ్మాయి ఎడమచేత్తో పట్టుకుని చదివింది. రెండో వైపు రెండుసార్లు చదివింది. డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి, మూడోసారి చదివింది.

"ఇది మీరే రాశారా? ఇంత దరిద్రపు దస్తూరీ ఎక్కడా చూళ్లేదు."

"నేనే."

"ఆ పోటీలు పెట్టినవాళ్ల మీద కేసు వేశాను. కోర్టులో ఇది చెప్తారా? వాళ్ల లాయర్లు మిమ్మల్ని ఉతికి ఆరేస్తారు. చంపింది నువ్వే కదా అంటారు."

"అంటే అవునంటాను."

డ్రైవరు హారను కొట్టాడు. కండక్టరమ్మాయి కాగితాలు మడిచి తోలు సంచిలో పెట్టుకుంది. బస్సెక్కి, తలుపు కమ్మీ పట్టుకుని, దిమ్మ వైపు చూడకుండానే అంది: "సోమవారం పదింటికి, కోర్టు గేటు దగ్గర. ఆలస్యమైతే ఆగను."

దిమ్మ తొమ్మిదింటికే వెళ్లింది. ఆ రోజు జడ్జి రాలేదు, వాయిదా పడింది. తర్వాతిసారి వాళ్ల లాయరు రాలేదు. నాలుగో వాయిదాకి దిమ్మని బోనెక్కించి, రెండు గంటలపాటు, ఆ అమ్మాయి చెప్పినట్టే ఉతికారు. చూశారా అంటే చూశానంది. చంపారా అంటే అవునంది. ఈల పడిందా అంటే పడలేదంది. ఎన్నిసార్లు తిప్పి తిప్పి అడిగినా అదే క్రమంలో అదే చెప్పింది. బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

కండక్టరమ్మాయి మెట్లు దిగి వచ్చింది. దగ్గరికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. కాసేపటికి, "మళ్లీ వాయిదా నెలాఖరున" అని చెప్పి, డ్యూటీకి టైమైందని బస్టాపు వైపు నడిచింది.